ఎనిమిదో మూల దీపం

మా ఊళ్లో చర్చికి వచ్చే ఇళ్లు ఎనిమిది. ప్రతి గురువారం ఒక ఇంట్లో ప్రార్థన ఉంటుంది. కిందటి వారం ఎవరింట్లో జరిగిందో వాళ్లు జంపఖానా చుట్టి భుజాన వేసుకొచ్చి, కొత్త ఇంట్లో పరిచి, ఆ ఇంటివాళ్ల పక్కనే కూర్చోవాలి. మొదటి ఇల్లు మాది. చివరిది కాలువ అవతల దేవసహాయం తాతది. అక్కడి నుంచి జంపఖానా మళ్లీ మా ఇంటికి వస్తుంది.

వానాకాలంలో తాత భార్య చనిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు జంపఖానా ఏడో ఇంటి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. "ముసలాయన ఒక్కడే ఉన్నడు. చాయ్ ఎవలు పెడతరు? పరేషాన్ చేసుడెందుకు?" అన్నారు పెద్దవాళ్లు. మంచి మనసుతోనే అన్నారు. తాత ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పదిమందిలో నాకు గొంతు లేవదు. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను.

అందుకే ఈ క్రిస్మస్‌కు చర్చి నక్షత్రం దీపాలు నేను చేస్తానన్నాను. నర్మద టీచర్ మా కాలేజీ ల్యాబులోని, ప్రోగ్రాము రాస్తే దీపాలను నడిపే చిన్న బోర్డును సెలవులకు ఇచ్చింది. నా దోస్తు మహెక్, మెట్‌పల్లిలో వాళ్ల అబ్బా కరెంటు దుకాణం నుంచి బల్బులు, వైర్లు తెచ్చింది. వెదురుబద్దల నక్షత్రానికి ఎనిమిది మూలలు. ఇంటికో మూల, మూలకో బల్బు. ఒకేసారి పక్కపక్కన రెండు వెలగాలి, ఒకటి జంపఖానా తెచ్చిన ఇల్లు, ఇంకోటి అందుకున్న ఇల్లు. అలా జంటగా చుట్టూ తిరగాలి.

దానికి ఎనిమిది గళ్ల అంకె చాలు. ఒకటి ఉన్న గడి బల్బు వెలుగుతుంది, సున్నా ఉన్న గడిది వెలగదు. మొదటి రెండు గళ్లలో ఒకట్లు పెట్టి, సెకనుకోసారి అంకె మొత్తాన్ని ఎడమకు ఒక గడి జరపమని రాశాను.

పండుగ ముందురోజు మధ్యాహ్నం చర్చి అరుగు మీద నడిపించి చూశాం. తాత కర్ర పట్టుకుని వచ్చి మా నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"నా ఇల్లేది బిడ్డా?"

మూల చూపించాను. దీపాలు జంటగా కదిలాయి. ఏడు, ఎనిమిది కలిసి వెలిగాయి. తర్వాత ఎనిమిది ఒక్కటే. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

"మా ఇల్లు రాంగనే ఖతమాయె," అని తాత నవ్వాడు. "కాలువ దాటాలంటె మిషన్‌కు గూడ బద్ధకమే."

నాయనమ్మ నవ్వలేదు.

"ఫికర్ చెయ్యకే," అంది మహెక్. "అన్నీ సున్నాలైతే మళ్ల మొదటి నుంచి షురూ చెయ్యమని రాయి."

రాశాను. అన్నీ ఆరిపోగానే ఒకటి, రెండు మళ్లీ వెలిగాయి.

"అయిపాయె. నడు, మీ నాయనమ్మ గరిజెలు పెడతనన్నది."

"కాలే. తాత బల్బు, మా బల్బు ఒక్కసారన్న కలిసి వెలిగినయా?"

"గంత సక్కగ ఎవ్వలు చూస్తరే?"

"తాత చూస్తడు."

మహెక్ వచ్చి నా పక్కన కూర్చుంది.

ఎడమకు జరిపినప్పుడు చివరి గడిలోని ఒకటి అంచు దాటి పోతోంది. మళ్లీ మొదట వెలిగేది కొత్తది. పోయింది పోయినట్టే. మేము రాసే భాషలో గళ్లను జరపడానికి గుర్తు ఉంది, తిప్పడానికి లేదు. తిప్పడం మనమే రాసుకోవాలి.

ఆ అంకెనే రెండుసార్లు తీసుకున్నాను. ఒకసారి ఎడమకు ఒక గడి జరిపాను. అందులో చివరిది పడిపోతుంది. ఇంకోసారి కుడికి ఏడు గళ్లు జరిపాను. అందులో ఆ పడిపోయేది ఒక్కటే మిగిలి, మొదటి గడిలోకి వచ్చి కూర్చుంటుంది. రెండింటినీ కలిపేశాను. అంతా ఒక్క వరుస.

ఏడు, ఎనిమిది వెలిగాయి. తర్వాత ఎనిమిది, ఒకటి. తాత మూల, మా మూల కలిసి వెలిగాయి.

తాత కర్ర ఎత్తి చూపించాడు. "అగో, జంపఖానా పట్టుకొని మీ ఇంటికి వస్తున్న."

"ఎట్ల వస్తవు తాతా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "జంపఖానా నీ ఇంటికి రానే రాలే గద."

తాత కర్ర కిందికి దించాడు. నేను తల వంచుకుని వైరు సర్దాను.

"పిల్ల అన్నదాంట్ల తప్పేమున్నది?" అంది నాయనమ్మ. "గీ గురువారం నీ ఇంట్లనే, అన్నా. చాయ్ నేను పెడత."

"ఇంట్ల చక్కెర లేదు, చెల్లె."

"బెల్లం?"

"బెల్లమున్నది. చాయ్‌పత్తి ఉన్నదో లేదో చూడాలె."

"చాయ్‌పత్తి నేను తెస్త," అంది మహెక్. "గరిజెలు నాకు గూడ ఉంటయ్ గద?"

కిందటి గురువారం ప్రార్థన మా ఇంట్లోనే జరిగింది. మా ఇంటి నుంచి తాత ఇంటికి అంటే, వంతును ఒక గడి వెనక్కి తిప్పడమే. తిప్పేటప్పుడు ఎటు తిప్పినా ఏదీ పడిపోదు.

గురువారం జంపఖానా ఒక కొస నా భుజాన, ఇంకో కొస మహెక్ భుజాన వేసుకుని కాలువ దాటాం. ఇంకా పొద్దు గూకలేదు. తాత అప్పటికే వాకిట్లో బల్బు వేసి, దాని కింద నిలబడి ఉన్నాడు.