సెలైన్ ఆపిందెవరు?

ఓబులేశ్ చేతికెక్కుతున్న సెలైన్ మళ్లీ ఆగిపోయింది. పైపు మీది చిన్న చక్రాన్ని ఎవరో చివరిదాకా తిప్పి మూసేశారు.

అది చూసింది నర్సు సవిత. నర్సింగు ముగించి పావగడలోని ఈ చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరింది. ఓబులేశ్ సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కూలీ. పొద్దున వడదెబ్బకు ప్యానెళ్ల మధ్యే పడిపోతే మోసుకొచ్చారు. ఒంట్లోకి నీళ్లు ఎక్కకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇందాక కూడా ఇలాగే ఆగింది. తానే సరిగ్గా తెరవలేదేమోనని భయపడి, గుట్టుగా తెరిచి ఊరుకుంది. ఇప్పుడు చెబితే అదీ బయటపడుతుంది. ఉద్యోగం ఊడినా ఊడొచ్చు. కానీ ఓబులేశ్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

చక్రం తెరిచింది. బీపీ చూసింది. పెద్ద నర్సు రామాంజినమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, ఓబులేశ్ సెలైన్ ఎవురో మూసినారు. ఇందాక గూడా మూసినారు, నీకు చెప్పలే, తప్పు నాదే. ఇప్పుడు తెరిచినా. బీపీ తక్కువుండాది. డాక్టరమ్మను పిలుద్దామా?"

రామాంజినమ్మ నవ్వాపుకుంది. "అప్పుడు మూగనోము పట్టి, ఇప్పుడు రేడియోలో వార్తలు చదివినట్టు చెప్తివే! నేను పిలుస్తా. నువ్వు పోయి దొంగను పట్టుకో."

డాక్టరు వసుమతి వచ్చి సెలైన్ వేగం పెంచింది. కాసేపటికి ఓబులేశ్ కళ్లు తెరిచాడు. "టయానికి చెప్పినావు. ఈసారి మొదటిసారే చెప్పు" అని డాక్టరమ్మ సవిత భుజం తట్టి వెళ్లింది.

మంచం పక్కనున్నది ఓబులేశ్ తండ్రి పెద్దతిమ్మప్ప ఒక్కడే.

"ఎవురు మూసినారు తాతా?"

"నాకేం తెలుసమ్మా!" ముసలాయన ఫ్యానుకేసి చూశాడు. వేళ్లు మాత్రం సెలైన్ పైపును తడుముతున్నాయి, చేలో డ్రిప్పు పైపును తడిమినట్టు.

సవిత గొంతు తగ్గించి స్టూలు లాక్కుంది. "ఈ సీసా దేనికో నీకు నేను చెప్పనేలేదు తాతా. ఎండకు నీ కొడుకు ఒంట్లో నీళ్లింకిపోయినాయి. ఇది ఆగితే లోపల ఎండిపోతాడు. అయిపోతానే నేనొచ్చి మార్చాల."

ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే మూసినా తల్లీ. బోరులో నీళ్లు తగ్గినంక ఆపకపోతే మోటరు గాలి పీల్చి కాలిపోతాది. సీసా సగానికొచ్చేపాటికి నా కొడుకు మోటరు కాలిపోతాదని భయమేసింది. బోరు మోటరైతే ఇంకోటి తెస్తా, వీణ్ని యాడ తెచ్చేది? ఇంగ ముట్టనులే. నువ్వే నీళ్లు కట్టు, నేను గట్టు మీద కూసుంటా."