పదకొండు రాళ్ళూ, నేనూ

నేను ఒక ఇత్తడి చెంబుని. కంచరి సుత్తిదెబ్బలు తిని పుట్టాను. మొదట ఒక టీచరమ్మ ఇంట్లో మంచినీళ్ళ చెంబుని. ఒకరోజు చేజారి నడుము సొట్టపోయింది. అంతే, పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. మనిషికి నడుము వంగితే పెద్దరికం. మాకైతే ఇదీ గతి. వాడి దగ్గర సుంకులమ్మ నన్ను కొనింది, మొగుడు ఓబులేసు దొడ్డికి పోయేటప్పుడు పట్టుకుపోను.

ఓబులేసు గొర్లకాపరి. ఆయన ఊపిరితిత్తిలో గడ్డ లేచింది. పట్నం ఆసుపత్రిలో ఏదో కొత్తరకం మందు ఎక్కించారు. గడ్డ సగానికి కరిగింది. సంబరపడేలోపే విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ ఆసుపత్రే. అక్కడి ప్లాస్టిక్ మగ్గుని ఓబులేసు ముట్టలేదు. "నా చెంబే కావాలి" అన్నాడు. నాకు అంత గౌరవం ఇంకెక్కడా దక్కలేదు.

డాక్టరమ్మ ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. "పెద్దాయనా, ఆ మందు నీ ఒంట్లో కాపలాకుక్కల్ని వదిలింది. అవి తోడేలుని తరిమాయి. ఇప్పుడు నీ గొర్లనే కరుస్తున్నాయి. అంటే, పేగుని."

"కట్టేయండమ్మా మరి!"

స్టెరాయిడ్ సూదులు మూడు రోజులు వేశారు. నాలుగోనాడు పొద్దున డాక్టరమ్మ అడిగింది, "నిన్న ఎన్నిసార్లు వెళ్ళావు?"

"రెండు."

నేను ఉలిక్కిపడ్డాను. నన్ను మోసింది పదకొండుసార్లు!

గొర్లెన్ని అని ఎవరడిగినా తగ్గించి చెప్పడం వాళ్ళింట్లో తాతలనాటి అలవాటు. ఉన్నదున్నట్టు చెబితే దిష్టి తగులుతుందట. ఆ నాలుక ఇక్కడా అలాగే తిరిగింది.

"బాగా తగ్గింది. రేపు ఇంటికెళ్ళొచ్చు," అంది డాక్టరమ్మ.

నాకింత నోరుండీ మాట లేదు. కానీ సుంకులమ్మ ఉంది. గొర్లని రొప్పంలోకి తోలేటప్పుడు గొర్రెకో రాయి పక్కనపెట్టి లెక్కచూసే మనిషి. ముందురోజంతా ఆయన నన్ను పట్టుకుని లేచినప్పుడల్లా వరండా పూలకుండీలోంచి ఒక రాయి తీసి కొంగున కట్టుకుంది. ఆ ముడి విప్పి పరుపుమీద పోసింది.

"ఏమయ్యా, ఇవేమన్నా గొర్లా? నీ దొడ్డికి ఎవరి కన్ను తగులుతుంది?"

నర్సు పకపకా నవ్వింది. డాక్టరమ్మ మాత్రం ఒక్కొక్క రాయీ లెక్కపెట్టింది. "ఇలాగే పంపించి ఉంటే పేగుకి చిల్లు పడేది పెద్దాయనా! ఆ సూదుల పలుపుకి కుక్కలు ఆగలేదు. గొలుసు వేద్దాం."

పేగులోకి గొట్టం పంపి చూశారు. టీబీ దాగి ఉంటే ఇప్పుడు ఎక్కించబోయే మందుకి లేస్తుందట, దానికీ పరీక్షలు చేశారు. లేదు. అప్పుడు ఆ మందు సీసాలోంచి చుక్కచుక్కగా రెండు గంటలు ఎక్కించారు. దాని పేరు ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఓబులేసుకి నోరు తిరగలేదు. "గొలుసు మందు" అన్నాడు.

మర్నాడు తొమ్మిది రాళ్ళు. తర్వాత ఆరు. నాలుగోనాటికి మూడు! సుంకులమ్మ రాళ్ళు కుండీలో వేసేసి, ఆయనకి మెత్తటి జావ తాగించింది. ఆయన ఇంకో గ్లాసు అడిగాడు. రెండో విడత గొలుసు మందు కూడా ఎక్కాక పంపించారు. మొదటి మందు ఇక వద్దనీ, గడ్డని ఫొటోలు తీసి కనిపెడుతూ ఉందామనీ అంది డాక్టరమ్మ.

ఊరికి నాలుగు గంటల బస్సు. విరేచనాలు పట్టినప్పటినుంచీ బస్సంటేనే ఆయనకి వణుకు. సుంకులమ్మ నన్ను నిండా నింపి ఒళ్ళో పెట్టుకుంది. సగం దారిలో హోటల్ దగ్గర కండక్టర్ కేకేశాడు. "దిగేవాళ్ళు దిగండి, మళ్ళీ ఎక్కడా ఆపం!"

బస్సంతా దిగింది.

"దిగవా?" ఆమె భుజం తట్టింది.

"ఎందుకూ?" అని ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక.

సుంకులమ్మ ఆయన మొహం చూసింది, నన్ను చూసింది. నవ్వుకుంటూ కిటికీలోంచి నీళ్ళన్నీ పారబోసింది. పుట్టి ఇన్నేళ్ళయింది, అంత తేలిగ్గా నేనెప్పుడూ లేను.