మిషన్‌కు చెప్పిన మాట

సుమశ్రీ తల కీబోర్డు మీద వాలిపోయింది. పైనున్న కెమెరా చూసింది. గోడ మీది తెరపై ఆమె పేరు పక్కన "నిద్ర" అని ఎర్రగా వెలిగింది.

అది నిద్ర కాదని పక్క సీటు రజనికి తెలుసు. పొద్దుటి నుంచి సుమశ్రీ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. రజని లేవబోయింది. "సీటు వదిలితే ఉద్యోగం వదిలినట్టే!" సూపర్‌వైజర్ భార్గవ్ అరిచాడు. రజని కూలబడింది. హాలంతా కదల్లేదు. ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్తే ప్రాణం లేదన్నారు.

"మిషన్ అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు యజమాని వంశీధర్ రజనితో. "ఒంట్లో బాగోకపోతే రాకూడదు."

అమీర్‌పేటలోని ఆ ఆఫీసులో వాళ్ల పని కెమెరాల వెనకున్న ఆ మిషన్‌కు చూపు నేర్పడమే. ఫోటో వస్తే పనో, నిద్రో, ప్రమాదమో గుర్తు పెట్టాలి. ఎక్కువమంది ఒకే మాట చెబితేనే అది నమ్ముతుంది.

మర్నాడు టీ కొట్టు ముందు హాలు వాళ్లంతా గుమిగూడారు.

"పలగ్గొడదాం దాన్ని!" అన్నాడు కమలాకర్.

"వంశీధర్ ఇంకోటి తెస్తడన్నా," రజని మండిపడింది. "దానికి తెలివి యాడికెల్లి వచ్చింది? మనందరి తలకాయలల్లకెల్లి! తల వాలిస్తే నిద్ర అని నేర్పింది మనమే. గా తెలివితోనే మన పిల్లను చంపిండు. ఇగ మనకు గావాల్సింది నేర్పుదాం."

"దొరికితే జైలే కదా?" రాగసుధ కళ్లు తుడుచుకుంది. "సుమ మా ఊరి పిల్ల. సరే, నేనూ ఉన్నా."

హాల్లో కెమెరాలు తీసిన ఫోటోలూ వాళ్ల దగ్గరికే వచ్చేవి. వంశీధర్ మొహం కనిపించినప్పుడల్లా హాలంతా ఒకటే గుర్తు పెట్టింది: ప్రమాదం.

కొన్నాళ్లకు, ఫ్యాక్టరీ గేట్లకు కాపలాగా ఆ మిషన్‌ను కొందామని కొందరు వచ్చారు. ప్రమాదం కనిపిస్తే సైరన్ మోగించి తలుపులు మూయడం దాని పని. దాని పనితనం చూపిద్దామని వంశీధర్ ఒక్కడే అద్దాల గదిలోకి వెళ్లి నవ్వుతూ కెమెరా ముందు నిలబడ్డాడు. సైరన్ కూసింది. తలుపు బిగుసుకుంది. కోటు విప్పాడు, మొహం తిప్పుకున్నాడు. మిషన్ వినలేదు. వచ్చినవాళ్లు మెట్లు దిగిపోయారు.

"తియ్యండ్రా తలుపు!" అద్దం బాదాడు వంశీధర్.

"సీటు వదలొద్దన్నరు గద సార్," అంది రజని. ఆమె కసి చల్లారలేదు.

భార్గవ్ ఫోన్ చేస్తే పంజాగుట్ట ఎస్.ఐ. వచ్చి తలుపు తీయించాడు. "ఎవరు చేసిండ్రు? పేరు చెప్పుర్రి!"

"ఒక్కరి మాట అది ఇనదు సార్," అంది రజని. "అందరం చెప్పినం."

"అయితే అందరు నడువుర్రి!"

పోలీసు వ్యాను చాలలేదు. సుమశ్రీ పేరు నినాదంగా అరుస్తూ రోడ్డు మీదే నడిచారు. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద పిల్లలు ఆగి ఏమైందని అడిగారు. రాగసుధ జరిగింది చెప్పింది. పుస్తకాలు చంకన పెట్టుకుని వాళ్లూ కలిశారు.

స్టేషన్ దగ్గర కానిస్టేబుల్ గేటు మూయబోయాడు. రజని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుర్రి సార్. ఎనక ఇంకా మస్తుమంది వస్తున్నరు."