గంజి పెట్టని చొక్కా

ఆ ఉదయం స్టోరు గుమస్తా గంజి పెట్టని చొక్కా తొడుక్కున్నాడు. పెళ్లయ్యాక అలా పనికి వెళ్లడం అదే మొదటిసారి. ఫ్యాక్టరీలో కుర్రాళ్లు ఆయన్ని ‘ఇస్త్రీ బాబాయ్’ అనే పిలుస్తారు మరి.

“గంజి బట్ట గరగరలాడితే మాటలు వినపడవన్నాడు,” అన్నాడు భార్యతో. ఫ్యాక్టరీలో ప్రమాదం మీద విచారణకొచ్చిన అధికారి ఇచ్చిన టేపు రికార్డరు అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, అంతే. చొక్కా లోపల కుట్టిన జేబులో ఆమె దాన్ని పెట్టింది.

“వాడి వేళ్లు ఎలాగూ రావు. నిందయినా పోవాలండీ.”

వాడంటే ఆమె తమ్ముడు. ప్రెస్సు మిషను కింద చెయ్యి నలిగింది. చేతికి అడ్డుండే ఇనప జాలీని వాడే ఊడదీశాడని సూపర్‌వైజరు రాసిచ్చాడు. అదే ఖాయమైతే ఉద్యోగం పోతుంది, ఆపైన కేసు. తీయించింది తనేనని సూపర్‌వైజరు నోటినుంచే రావాలి.

గుమస్తా దేవుడి పటం ముందు నిలబడ్డాడు. నిజం బయటపడాలని మొక్కుకోవచ్చు. దొంగచాటుగా దాచినదాన్ని కాపాడమని మొక్కుకోవచ్చా? ఎటూ తేలక, దండం మాత్రం పెట్టుకుని బయల్దేరాడు.

సూపర్‌వైజరు గది బయటే మీట నొక్కాడు. టేపు అరగంట తిరుగుతుంది. అయిపోగానే మీట టక్కున పైకి లేస్తుంది. మిషన్ల మోతలో అది వినపడదు. భోజనాల గంట కొట్టి మిషన్లు ఆగేలోగా బయటపడాలి.

“రా బావా, కూర్చో!”

పనిలో కలిసి చేరిననాటి పిలుపు అది.

“మా అల్లుడొచ్చాడు. వాడి గురకకి ఇంట్లో పిల్లి కూడా వలసపోయింది!”

గుమస్తాకి నవ్వు రాలేదు. అల్లుడి తర్వాత మోకాళ్ల నొప్పి, దాని తర్వాత కొత్త ఆర్డరు. టేపు తిరిగిపోతూనే ఉంది. ఉన్నట్టుండి సూపర్‌వైజరు చూపు ఆయన ఛాతీ మీద ఆగింది.

“ఏంటి బావా అది?”

గుమస్తా పైజేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నలిగిన చొక్కా! నువ్వేనా? చెల్లెమ్మకి ఒంట్లో బాగాలేదా?”

“ఊఁ... బాగాలేదు.”

సూపర్‌వైజరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“తమ్ముడి బెంగే. నాకు తెలీదా? నాకు మాత్రం నిద్ర పడుతోందా? పని సాగట్లేదని జాలీ తీయించింది నేనే బావా. వాడు వద్దనే అన్నాడు. ఒప్పుకుంటే నా కొలువు ఊడుతుంది. నీ కడుపులో దాచుకో.”

ఆయన కళ్లలో నీళ్లు. గుమస్తా లేవబోయాడు. అంతలో గంట కొట్టింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

టక్.

“ఏంటా చప్పుడు?”

గుమస్తా చేతిలో కళ్లజోడు పెట్టె ఇంకా ఉంది. అదేనంటే సరిపోయేది. నిక్షేపంగా ఉన్న భార్యకి అప్పుడే రోగం అంటగట్టాడు. రెండో అబద్ధానికి నాలుక తిరగలేదు.

“టేపు అయిపోయింది బావా.”

సూపర్‌వైజరు వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యి చాపాడు.

“ఇటివ్వు.”

“లాక్కుంటే నీతో కలబడలేను. నా చేత్తో మాత్రం ఇవ్వను.”

బయట పళ్లేల చప్పుడు మొదలైంది. సూపర్‌వైజరు చాపిన చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి ఆయన కళ్లు దాని మీదే పడ్డాయి. అయిదు వేళ్లూ ఉన్నాయి. మెల్లగా ముడిచి, పక్కకి తప్పుకున్నాడు.

గుమస్తా గడప దాటుతుంటే వెనకనుంచి అడిగాడు.

“చెల్లెమ్మకి నిజంగానే బాగాలేదా?”

“బాగానే ఉంది. ఈ చొక్కా మెత్తబడేదాకా తనే ఉతికింది.”