నాచులో పనికిరాని గాలం

దూదిపింజను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, డెల్మర్ టార్ప్లీ దాన్ని గాలపు కర్రకున్న ఉంగరాల్లోంచి ఒక్కొక్కటిగా లాగుతున్నాడు. ఉంగరం లోపల వెంట్రుకవాసి పగులున్నా దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. కంటికి ఆనని ఆ పగులే పెద్ద చేప పడిన రోజున దారాన్ని కోసేస్తుంది. ఏడు ఉంగరాలు సాఫీగా దాటాక ఎనిమిదో దాని దగ్గర దూది ఆగింది. కర్రను పక్కన పెట్టి, చీటీ మీద దాని యజమాని పేరూ, కింద "చివరి ఉంగరం" అనీ రాసి కట్టాడు.

ఉదయం ఆరయింది. కొట్టు తలుపు తీసే ఉంది. మార్చి మొదటి వారంలో అలబామా ఉత్తరాన ఆ వేళకి తలుపు తీసి ఉంచితే చలికి వేళ్ళు కొంకర్లు పోవాలి. ఇవాళ దక్షిణం నుంచి వెచ్చటి గాలి, ఉడకేసిన గుడ్డలోంచి వచ్చే ఆవిరిలా లోపలికి వస్తోంది. గోడకి వేలాడే గాలి ఒత్తిడి మీటరు ముల్లును డెల్మర్ గోటితో తట్టాడు. నిన్న రాత్రి కొట్టు మూసినప్పుడున్న చోటి నుంచి అది రెండు గీతలు కిందికి దిగింది. ఇంకోసారి తట్టాడు. ఇంకొంచెం దిగింది.

అతనికి అరవై ఒకటి. పొడగరి. కప్పు నుంచి వరసగా వేలాడే కర్రల కింద ముప్ఫై ఒక్కేళ్ళు తల వంచుకుని తిరగడంతో మెడ అలాగే ముందుకి నిలిచిపోయింది. ఎడమచేతి వేళ్ళ నిండా ముళ్ళు దిగి మానిన తెల్లటి చుక్కలు. ఎరగా వాడే రబ్బరు వానపాములకి పట్టించే సోంపు నూనె వాసన అతని చొక్కాలకీ జుట్టుకీ పట్టేసింది. భార్య ఇమోజీన్ కోళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. "మన దిండ్లు కూడా సోంపు వాసనేనయ్యా, నా దిండుకి కోడి వాసనైనా రానియ్యవు" అంటుంది.

కొట్టు రాయిస్ గ్యాడీది. కానీ బాస్ చేప పట్టేవాళ్ళు అడిగేది డెల్మర్‌నే. ఎవరొచ్చినా ముందు చెయ్యి చూపించమంటాడు. అరచెయ్యి వెడల్పు, మణికట్టు బలం, బొటనవేలు ఎంత వంగుతుంది అన్నీ చూసుకుని, అప్పుడు తలెత్తి వందల కర్రల్లో ఒకదాన్ని దించుతాడు. బురదలో రాయి తగిలినా చేతికి తెలియాలనుకునే వాళ్ళకి గ్రాఫైటు కర్ర. చేప పట్టగానే గుంజే అలవాటున్న ఆత్రగాళ్ళకి మెత్తగా వంగే ఫైబరు కర్ర. దాని మీదికి రీలు, రీలుకి తగ్గ దారం, దారానికి తగ్గ ఎర. "మీకిది" అని ఇస్తే మారు మాట్లాడకుండా తీసుకుంటారు. వెళ్ళి చేప పట్టాక వచ్చి చెబుతారు: ఏ మలుపులో, ఎంత లోతులో, ఏ రంగు ఎరకి పడిందో. ఆ మాటలన్నీ కలిసి, ఆనకట్ట వెనక పద్దెనిమిది మైళ్ళ సరస్సు అడుగుతో సహా అతని తలలో అచ్చయి ఉంది. మునిగిపోయిన పాత రోడ్డు ఎక్కడ ఎత్తుగా ఉంటుందో, నాచు ఏ నెలలో ఎంత పెరుగుతుందో అతనికి తెలుసు.

ఆ సరస్సు మీద డెల్మర్ ఒక్కసారీ పడవెక్కలేదు. ఆదివారం చర్చి అయ్యాక కట్ట రోడ్డు రాళ్ళ మీద నించుని గాలం వేస్తాడు, అంతే. ఎవరైనా రమ్మంటే "కొట్టుంది కదండీ" అంటాడు. అతనికి ఈత రాదు. ఆ సంగతి ఇమోజీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఆరున్నరకల్లా కొట్టు నిండిపోయింది. గాలివాన ముందు ఒత్తిడి పడిపోయేటప్పుడు బాస్ చేప పిచ్చెత్తినట్టు తింటుంది. ఆ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీకి జ్వరమని చెప్పి వచ్చిన వాళ్ళు నలుగురున్నారు. పైపుల పని చేసే బక్ యాన్సీ వాళ్ళందరికంటే గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఏం పెద్దాయనా, పడవ కొన్నావా?"

"నీదెప్పుడు మునుగుతుందా అని చూస్తున్నా. తేలాక తీసుకుంటా."

అందరూ నవ్వారు. బక్ గలగలలాడే ఎర్ర ఎరలు మూడు తీసి కౌంటరు మీద పడేశాడు.

"పాత రోడ్డు మెరక మీదేగా ఇవాళ?"

"అక్కడే. నాచు అంచుల్లో. ఎర నాచుకి తగలగానే ఒక్క గుంజు గుంజు, అది నాచుని వదిలేటప్పుడు చేప పడుతుంది" అని డెల్మర్ గొంతు తగ్గించాడు. "రెండింటికల్లా ఒడ్డుకి రా బక్కూ. ఒత్తిడి ముల్లు ఇంత వేగంగా దిగడం నేను చూళ్ళేదు."

"ఓయ్, కొనేవాళ్ళని బెదరగొట్టకయ్యా!" అని రాయిస్ వెనకనుంచి కేకేశాడు. కేక నవ్వుతూనే వేశాడు.

పదింటికి కొట్టు ఖాళీ అయ్యాక వెల్డా స్క్రగ్స్ వచ్చింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు, బడిలో వంట చేస్తుంది. భర్త లామర్ నవంబరులో పోయాడు. అతని గాలపు కర్రను జెండా కర్రలా నిటారుగా పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"డెల్మర్ గారూ, దీన్ని ఎలా విసరాలో నేర్పండి."

"ఎవరికమ్మా?"

"ఎవరికేంటి, నాకే. పడవ అమ్మేశాను. జార్జియా నుంచి ఎవరో సోమవారం వచ్చి పట్టుకెళ్తారు. ముప్ఫయ్యేళ్ళు ఆయన పడితే నేను వేపాను. ఒక్కటి నా చేత్తో పట్టి, అప్పుడు ఇచ్చేస్తా. ఇవాళ బాగా పడతాయంటగా, పెట్రోలు బంకులో అందరూ అదే మాట."

"ఇవాళే వెళ్ళాలా?"

"సెలవు ఇవాళే పెట్టాను."

డెల్మర్ ఆమె చెయ్యి చూశాడు. చిన్న చెయ్యి. మణికట్టు మీద పెనం కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. కుడి బొటనవేలు కీళ్ళవాపుతో సగమే వంగుతుంది. లామర్ రీలుకి ఆ బొటనవేలే ప్రాణం. విసిరేటప్పుడు చక్రాన్ని వేలితో అదుపు చెయ్యకపోతే దారమంతా పిచ్చుకగూడై కూర్చుంటుంది.

"ఇది మీకు పనికిరాదమ్మా. ఇది లామర్ చెయ్యి" అని, ఆరడుగుల మెత్తటి కర్ర ఒకటి దించాడు. దానికి కింద వేలాడే రీలు బిగించాడు. అందులో బొటనవేలితో పని లేదు, దారం ఆపే తీగ తెరిచి విసరడమే. ఆమె కొట్టు వెనక ఖాళీ స్థలంలో రెండుసార్లు విసిరి చూసింది. మూడోసారి ఎరలేని సీసపు గుండు సరిగ్గా రాయిస్ ట్రక్కు చక్రం దగ్గర పడింది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"ఎక్కడ వెయ్యను? లామర్ ఎప్పుడూ పాత రోడ్డు మెరక అనేవాడు."

డెల్మర్ కౌంటరు అద్దం మీద రెండు చేతులూ ఆనించి ఆగాడు. మెరక సరస్సుకి నట్టనడుమ ఉంది. అక్కడి నుంచి ఒడ్డు ఎటు చూసినా అరమైలుపైనే. కర్ర విషయంలో నిజమే చెప్పాడు, రీలు విషయంలోనూ నిజమే చెప్పాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో చేపల గురించి ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

"ఇవాళ మెరక మీద ఏం లేవమ్మా. అన్నీ ఒడ్డు పక్క మింక్ వాగులోకి ఎక్కేశాయి. అక్కడ వంతెన కింద రాళ్ళ పక్కన వెయ్యండి."

తరవాత ఎర తీశాడు. ముల్లు కనబడకుండా రబ్బరులో దాక్కునేది తియ్యలేదు, ఒంటి ముల్లు రేకుల ఎర తియ్యలేదు. వేలెడు పొడుగున్న వెండి రంగు చేపబొమ్మ ఇచ్చాడు. దాని పొట్ట కింద మూడేసి కొక్కేల గుత్తులు రెండు వేలాడుతున్నాయి. శుభ్రమైన రాతి ఒడ్డున అది చక్కగా ఈదుతుంది. నాచులో మటుకు విసిరిన ప్రతిసారీ గడ్డి మూటై తిరిగొస్తుంది. ముడి తనే వేసి, ఉమ్మితో తడిపి బిగించాడు.

"ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే. ఇంకేం కొనకండి."

ఆమె లైఫ్ జాకెట్టు లామర్‌ది, భుజాల దగ్గర వదులుగా ఉంది. డెల్మర్ పట్టీలు లాగి కట్టాడు. ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"సోమవారం దాకా పడవ నాదే. ఆదివారం చర్చి అయ్యాక మీరూ రండి. ఇమోజీన్‌ని కూడా తీసుకురండి."

"చూద్దాం లెండి" అన్నాడు డెల్మర్. కొట్టుందని అనలేదు.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. మైనపు కాయితంలో చుట్టి ఇమోజీన్ ఇచ్చిన వేపిన బొలోనా మాంసం శాండ్‌విచ్ సగం తిని పెట్టేశాడు. రేడియోలో పాట మధ్యలో ఆపి, సుడిగాలి వస్తోందని పొరుగు జిల్లాల పేర్లు చదివారు. ఇరవై నిమిషాల తరవాత ఇంకోసారి చదివారు, ఈసారి పేర్లు దగ్గరికొచ్చాయి. తొట్టెల్లో ఎర చేపపిల్లలు పైకి తేలకుండా అడుగున ఒక్క మూలకి చేరి కదలకుండా ఉన్నాయి. బయట వెలుగు మారింది. పాత సీసాలోంచి చూసినట్టు రోడ్డు, చెట్లు, పెట్రోలు బంకు అన్నీ పచ్చగా కనబడుతున్నాయి.

రెండుంపావుకి బక్ యాన్సీ వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"పదకొండు చేపలు పెద్దాయనా! ఎర నీళ్ళలో పడితే చాలు. నువ్వు రెండన్నావని వచ్చేశా గానీ, నా బుద్ధి అక్కడే ఉంది." కూల్‌డ్రింకు మూత తీశాడు. "అవునూ, వెల్డాకి ఏం చెప్పావయ్యా నువ్వు? మింక్ వాగు దగ్గర కూర్చుంది పాపం. అక్కడేం పడతాయి? నేనే చెప్పా, మెరక మీదికి పొమ్మని. దారి చూపించి వచ్చా."

డెల్మర్ గోడ మీది ఒత్తిడి ముల్లు వైపు తిరిగాడు.

"ఏంటి? చెప్పకూడదా?"

"ఎంతసేపయింది?"

"అరగంట. ఏమయిందయ్యా?"

 డెల్మర్ కొక్కేనికున్న ట్రక్కు తాళంచెవులు తీసుకున్నాడు. "సైరన్ మోగితే అందరూ వెనక గదిలోకి పొండి, కిటికీల దగ్గర ఉండొద్దు" అని రాయిస్‌తో చెప్పి వెళ్ళిపోయాడు. అతను అంత వేగంగా నడవడం రాయిస్ ఎప్పుడూ చూడలేదు.

కట్ట రోడ్డు సరస్సుని అడ్డంగా కోస్తూ పోతుంది. దాని నడుమ నుంచి చూస్తే మెరక ఎదురుగానే ఉంటుంది. డెల్మర్ ట్రక్కుని అంచుకి ఆపాడు. నీళ్ళు నల్లగా, నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. దూరంగా ఒకే ఒక్క పడవ. అందులో నించున్న చిన్న ఆకారం కర్ర పైకెత్తి, దారం చివర దేన్నో పీకుతోంది. విసురుతోంది, మళ్ళీ పీకుతోంది. నైరుతి దిక్కున మబ్బు అడుగు నేలకి ఆనింది. వెనక పట్నంలో సైరన్ మొదలైంది. అంత దూరం నుంచి అది పడవ దాకా వినబడదు.

అతను హారన్ మీద చెయ్యి పెట్టాడు. మూడుసార్లు కొట్టి ఆగాడు. మళ్ళీ మూడుసార్లు. ఏడోసారో ఎనిమిదోసారో ఆకారం తల తిప్పింది. డెల్మర్ కిందికి దిగి, రెండు చేతులూ ఎత్తి మింక్ వాగు వైపు ఊపాడు. చొక్కా విప్పి ఊపాడు. పడవ ముక్కు నెమ్మదిగా తిరిగింది. మోటారు చప్పుడు వినబడింది. అది వాగు మలుపు తిరిగి వంతెన కిందికి వెళ్ళేదాకా చూసి, ట్రక్కెక్కి మళ్ళీ హారన్ కొట్టాడు. ఆగొద్దు, లోపలికి పో అన్నట్టు కొడుతూనే ఉన్నాడు.

వంతెన కింద వెల్డా కాంక్రీటు స్తంభానికి పడవ తాడు కట్టి, స్తంభాన్ని కావలించుకుని కూర్చుంది. హారన్ వినబడుతూనే ఉంది. తరవాత గూడ్సు రైలు మీదికొస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడులో హారన్ ఒక్కటే, తెంపు లేకుండా, పొడుగ్గా మోగింది. తరవాత అది లేదు. రైలు చప్పుడు మాత్రం ఇంకా కాసేపు ఉంది.

ట్రక్కు కట్ట అవతలి వైపు, ఎనిమిదడుగుల నీళ్ళలో, డెల్మర్‌తో సహా దొరికింది. ఇమోజీన్‌కి ఫ్యాక్టరీలో, ఆమె రబ్బరు చేతొడుగులు తియ్యకముందే చెప్పారు. ఆమె "కట్ట మీద దేనికి ఉన్నాడు?" అని ఒక్కటే అడిగింది. చెప్పడానికి వచ్చినవాడికి తెలియదు.

మర్నాడు కొట్టుకి కరెంటు లేదు. ఒక కిటికీ పోయింది, కప్పు నిలిచింది. రాయిస్ గాజు పెంకులు ఊడుస్తున్నాడు. బక్ యాన్సీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, లోపలికి రాలేదు. వెల్డా వచ్చి, ఆరడుగుల కర్రను కౌంటరు మీద అడ్డంగా పెట్టింది. కొక్కేల గుత్తులకి ఎండిన నాచు చుట్టుకుని ఉంది.

"విసిరిన ప్రతిసారీ గడ్డే" అందామె. "ఆయన్ని తిట్టుకుంటున్నా రాయిస్, నిజం. ఇంతకాలం కొట్లో ఉండి ఇదా ఇచ్చేది, అని. ఆ విసుగులో తలెత్తా. అప్పుడు వినబడింది హారన్."

రాయిస్ చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"చేప పడుతుంటే తలెత్తేదాన్ని కాదు" అందామె. మెట్ల మీద బక్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ఆమె వెళ్ళాక రాయిస్ లాంతరు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. దారం చుట్టే యంత్రానికి ఒక రీలు బిగించి ఉంది, నిన్న పొద్దున అది అక్కడ లేదు. కొత్తదేమీ కాదు, ఎవరో మార్చుకుని వదిలేసిన పాత రీలు, శుభ్రంగా తుడిచి నూనె వేసి ఉంది. ఎవరిదో చూద్దామని చీటీ కోసం వెతికాడు. పేరు రాసి కట్టకుండా డెల్మర్ ఎవరి రీలూ బల్ల మీదికి తీసుకునేవాడు కాదు. దీనికి చీటీ లేదు. దారం సగం దాకా చుట్టి ఉంది. మిగతా సగం, ఎండగడ్డి రంగులో, పెద్ద కండె నుంచి రీలు దాకా గాలిలో సన్నగా బిగుసుకుని ఉంది.