మూడు చన్నుల గౌరి

నేను ఒక ప్లాస్టిక్ పళ్ళేన్ని. ఒక పిడి, లోతు తక్కువైన నాలుగు గిన్నెలు, అంతే నా ఆకారం. నన్ను చూసినవాళ్ళు మొదట పచ్చళ్ళు వడ్డించుకునేదేమో అనుకుంటారు. నిజానికి నాలోకి వచ్చేవి ఆవు పాలు. ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలోకి. వాటిలో మందునీళ్ళు పోసి నన్ను గుండ్రంగా తిప్పుతారు. పలచగా కదిలితే పొదుగు బాగున్నట్టు. జావలా చిక్కబడితే లోపల క్రిములు కాపురం పెట్టినట్టు.

ఫ్యాక్టరీలో వేడి అచ్చులోంచి ఊడిపడి, పశువుల డాక్టరమ్మ హిమజ సంచిలో చేరాను. ఆవిడ నన్ను పలమనేరు పక్కన ఒక పల్లెకు తీసుకెళ్ళింది. అక్కడ చెంగమ్మ, సిద్ధమ్మ అని ఇద్దరు తోడికోడళ్ళు. చెరో ఆవు ఉన్నా కొట్టం ఒకటే, పాల క్యానూ ఒకటే. కొన్నాళ్ళుగా పాల కేంద్రం వాళ్ళు ఆ క్యానును వెనక్కి పంపేస్తున్నారు. కాస్తే పాలు విరిగిపోతున్నాయట.

చిన్నకోడలు సిద్ధమ్మ ఆవే చెడ్డదని చెంగమ్మ తేల్చేసింది. సిద్ధమ్మేమో దిష్టి తగిలిందంది. ఎవరి దిష్టో చెప్పలేదు గానీ చెంగమ్మ వైపే చూసింది. చివరికి సిద్ధమ్మ ఆవు గౌరిని అమ్మేయాలన్నదాకా వచ్చింది. దూడగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచుకున్న ఆవు అది.

డాక్టరమ్మ ముందు గౌరి పాలు నాలోకి పిండింది. మూడు గిన్నెలు బాగున్నాయి. నాలుగోది చిక్కబడింది.

"నేను చెప్తే ఇన్నారా! నా లచ్చి బంగారం," అంది చెంగమ్మ.

"లచ్చినీ చూద్దాం, ఉండమ్మా."

"దానికేం రోగం తల్లీ! బిందె నిండా ఇస్తా ఉండాది."

లచ్చి పాలకు రెండు గిన్నెలు జావయ్యాయి. మనిషి ముఖం అంత గబుక్కున వాడిపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"పైకి కనబడకుండా కూడా ఉంటుందమ్మా పొదుగువాపు," అంటూ డాక్టరమ్మ గుంజకు వేలాడుతున్న గుడ్డ చూసింది. "రెండు పొదుగులూ దీంతోనే తుడుస్తారా? దిష్టి ఇదే."

ఇద్దరూ ఆ గుడ్డ వైపు చూశారు. ఆ క్షణంలో వాళ్ళకు తిట్టుకోవడానికి ఎవరూ దొరకలేదు.

మందులు మొదలయ్యాయి. పాలు చూసుకోవడానికి డాక్టరమ్మ నన్ను ఆ కొట్టంలోనే ఉంచింది. ఇక చేతులు కడుక్కున్నాకే పిండాలి, ఏ ఆవు గుడ్డ దానిదే. డాక్టరమ్మ సరేననేదాకా పాలన్నీ పారబోయాల్సిందే. మొదటిరోజు సిద్ధమ్మ బిందె ఒంపడానికి మనసు రాక ఏడ్చింది. చెంగమ్మ బిందె లాక్కుని, "నువ్వు లోపలికి పోవే, నేను పోస్తాలే," అంది. అవి పోస్తూ తనూ కళ్ళు తుడుచుకుంది. గౌరికి తప్ప ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

లచ్చి పూర్తిగా కోలుకుంది. గౌరికి మాత్రం ఒక చన్ను ఎండిపోయింది. డాక్టరమ్మ నన్ను వాళ్ళకే ఇచ్చేసింది.

ఒక ఉదయం సిద్ధమ్మ నన్ను పట్టుకుని గౌరి పాలు చూస్తుంటే పశువుల బేరగాడు వచ్చాడు.

"మూడు చన్నుల ఆవుతో ఏం జేస్తావు పాపా? నాకిచ్చెయ్."

సిద్ధమ్మ నోరు తెరవకముందే చెంగమ్మ అరుగు మీద గురకపెడుతున్న తమ మొగుళ్ళిద్దర్నీ చూపించింది.

"ఈ ఇంట్లో మేం నలుగురం. పని జేసేది ఇద్దరమే. ముందు వాళ్ళను తోలకపో, తర్వాత ఆవు సంగతి చూద్దాం!"

సిద్ధమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు చెయ్యి ఊగి, నా మూడు గిన్నెల్లోని పాలు పలచగా ఆమె కాళ్ళ మీద ఒలికాయి.