లోయలో పొగ

సీతాబాయి తెల్లటి నూలు తొడుగులు చేతులకు ఎక్కించుకుని, అప్పుడే ప్రింటరు నోట్లోంచి దిగుతున్న సముద్రాన్ని అందుకుంది. అంచులు మాత్రమే పట్టుకుని బల్ల మీద వెల్లకిలా పరిచి, దీపం కిందికి వంగి, ఎక్కడైనా సిరా చుక్క పడిందేమోనని వెతికింది. ఏమీ లేదు. సముద్రాన్ని పక్కన పెట్టి, ఒక పెళ్లి ఫోటో తీసుకుంది.

పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో ఉన్న ఆ ఫోటో ల్యాబ్‌కి ఆమె మొదట ఊడ్చడానికి వచ్చింది. ఫిల్ము రోజులు పోయి గోడంత ప్రింట్ల రోజులు వచ్చేసరికి, దిగిన ప్రింటును ఆఖరున చూసే మనిషి అయింది. పొట్టిగా, నిండుగా ఉంటుంది. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి కాబట్టి పని చేసేటప్పుడు తనను నవ్వించొద్దని అందరినీ తిడుతుంది. ఈ మధ్య ఎడమ కంటికి కాస్త మసక. ఆ సంగతి భర్త హనుమాండ్లుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పొద్దెక్కాక కేదార్ వచ్చాడు. సోమాజిగూడలో బ్యాంకు ఉద్యోగి. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని కొండలెక్కుతాడు. నల్లమలలో తెల్లవారుతుండగా ఆయన తీసిన ఫోటో ఆ సాయంత్రం ఒక ఆసుపత్రి హాల్లో గోడ మీదికి ఎక్కాలి. ఆయన ఫోటో ఒకటి ఇల్లు దాటడం అదే మొదలు.

"ఆ మంచి కాగితం ఒక్క ప్రింటుకే మిగిలింది కేదార్ గారూ," అన్నాడు యజమాని అచ్యుతరావు. "కొత్త రోలు వచ్చేసరికి వారం పడుతుంది. బాగా చూసుకుని చెప్పండి."

అందుకే కేదార్ మామూలు కాగితం మీద రెండు నమూనాలు తీయించాడు. చీకటి విడవకముందే తీసిన ఫోటో కావడంతో, మొదటిదాంట్లో లోయంతా సన్నటి రవ్వ చల్లినట్టు గరుకుగా ఉంది. రెండోదాంట్లో ఆ రవ్వను కంప్యూటర్‌లో తుడిచేశాడు. లోయ పట్టుబట్టలా నున్నగా మెరుస్తోంది.

"రెండోదే వేద్దాం. అంత పెద్ద కెమెరా పెట్టుకుని ఈ రవ్వ, ఈ నాయిస్ చూపిస్తే నవ్వుతారు," అన్నాడు.

సీతాబాయి రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగి చూసింది.

"సార్, జర ఇటు సూడున్రి. గీ పొగ ఏడవోయింది?"

"ఏ పొగ?"

"గీడ, లోయ అడుగున. మొదటిదాంట్ల లేస్తున్నది. రెండోదాంట్ల లేదు."

"అదీ నాయిసే సీతమ్మా. వెలుతురు చాలకపోతే కెమెరా లేనిపోని చుక్కలు పుట్టిస్తుంది."

సీతాబాయి ఫోటో మీదికి ఇంకా వంగింది. కన్నే మోసం చేస్తోందా? ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో మళ్లీ చూసింది. ఎన్నో ఏళ్లు తెల్లారకముందే లేచి పొయ్యి రాజేసిన మనిషి. గాలి లేని పొద్దుట పొగ మొదట నిటారుగా లేచి, ఆపైన అలిసినట్టు ఓ పక్కకు ఒరుగుతుంది. ఇదీ అలాగే ఒరిగింది.

"పొగనే సార్. ఎవలో పొయ్యి అంటువెట్టిన్రు."

కేదార్ నవ్వబోయి ఎందుకో ఆగాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, తుడవని ఫోటో తెరిచి లోయను పెద్దది చేస్తూ పోయాడు. గరుకు చీకటి. ఇంకా పెద్దది చేశాడు. ఆ గరుకులో నల్లటి కప్పు ఒకటి, పక్కన ఇంకొకటి. రెండు గుడిసెలు. వాటి మధ్య నుంచి వెంట్రుకంత పొగ. దాని మొదట్లో ఎర్రటి నలుసు.

"అయ్య బాబోయ్!" కేదార్ కుర్చీలోంచి లేచిపోయాడు. "అంతసేపు అక్కడే నిలబడ్డాను, ఒక్క ఇల్లూ కనపడలేదు. నాయిస్ అనుకుని వాళ్ల పొయ్యి ఆర్పేశానమ్మా!"

సీతాబాయి నవ్వింది. కళ్లు మూసుకుపోయాయి. "ఏంటీ, ఏంటీ?" అంటూ వచ్చిన అచ్యుతరావు కూడా ఆ ఎర్రటి నలుసును చూసి, "చాయ్ పెడుతున్నట్టున్నారయ్యా," అన్నాడు. ముగ్గురూ తెర ముందు గుమిగూడి ఆ గుడిసెల్లో ఎవరెవరు ఉంటారో ఊహించారు.

ఉన్న ఒక్క కాగితం మీద, రవ్వతో సహా, నల్లమల దిగింది. సీతాబాయి అంగుళం అంగుళం చూసి తలూపింది.

"మీరు నల్లమల చూశారా?" అడిగాడు కేదార్.

"ఏడ సార్. గీ కొండలన్నీ నా చేతుల మీదికెళ్లే పోయినయి. ఒక్కదాని దగ్గరికి సుత పోలే."

బాధతో అన్న మాట కాదు. అన్నాక మాత్రం అది తనకే కొత్తగా వినపడింది. ఓ మూలకు వెళ్లి, మధురానగర్ అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌గా ఉన్న హనుమాండ్లుకు ఫోన్ చేసింది.

"రేపు శ్రీశైలం బస్సెక్కుదమా? నడుమ అడవికాడ దిగుదం."

"ఏమైందే? పానం మంచిగున్నదా?"

"మస్తు మంచిగున్నది. కంటి డాక్టర్ కాడికి వచ్చినంక పోదం. ముందుగాల కొండలు సూడాలె."

"రొట్టెలు నువ్వు చేస్తవా, నన్ను చేయమంటవా?" అన్నాడు హనుమాండ్లు.

సెలవు అడిగితే అచ్యుతరావు ఆశ్చర్యపోయాడు. "ఎన్ని రోజులు సీతమ్మా?"

"కొండలు సూసుడు అయ్యేదాంక సార్."

"ఇంకేం, ఇప్పుడే బయల్దేరండి!"

ఎండ ఇంకా ఉండగానే ఆమె మెట్లు దిగి, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వస్తున్న పిల్లల గుంపులకు ఎదురుగా చకచకా నడిచింది. ఎవరూ ఆమెను గమనించలేదు. ల్యాబ్‌లో ఆమె కుర్చీ వీపుకు, ఏసీ చలికి కప్పుకునే ఊదారంగు శాలువా ఒక కొస నేలకు ఆనించి వేలాడుతోంది.